టీచర్ ఉద్యోగానికి రెజ్యూమె: మీ క్లాసు కనబడేలా రాయడం ఎలా

టీచర్ పోస్టుకు వచ్చే రెజ్యూమెలను పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లు తప్ప మిగతాదంతా ఒకేలా ఉంటుంది. ‘అంకితభావం గల ఉపాధ్యాయుడిని’, ‘పిల్లలంటే ఇష్టం’, ‘సిలబస్ సకాలంలో పూర్తి చేశాను’. ఇవేవీ అబద్ధాలు కావు, కానీ చదివేవాళ్లకు వీటితో ఏమీ తేలదు. రెజ్యూమె చేతిలో పట్టుకున్న ప్రిన్సిపాల్‌కు కావాల్సింది ఒకే జవాబు: ఖాళీగా ఉన్న ఈ క్లాసును ఈ మనిషికి అప్పజెప్పొచ్చా? అది తేలాలంటే మీరు ఎవరికి చెప్పారు, ఏం చెప్పారు, చెప్పాక పిల్లలకు ఏం వచ్చింది అన్నవి కాగితం మీద కనబడాలి. రెజ్యూమెలో ప్రతి వరుసనూ ఈ మూడు ప్రశ్నలతోనే తూచండి.

1. ముందు ముడి ఫైలు తయారు చేసుకోండి

నేరుగా రెజ్యూమె రాయడానికి కూర్చుంటే గుర్తొచ్చినవే రాస్తాం, గుర్తురానివి పోతాయి. అందుకే ముందు ఎవరికీ పంపని ఒక పెద్ద ఫైలు పెట్టుకోవాలి. పనిచేసిన ప్రతి స్కూలుకూ ఇవి రాయండి:

- చేరిన నెల, సంవత్సరం. మానేసిన నెల, సంవత్సరం
- చెప్పిన తరగతులు, సబ్జెక్టులు, బోధన మాధ్యమం, అనుసరించిన బోర్డు లేదా సిలబస్
- సెక్షన్లు ఎన్ని, సెక్షన్‌కు పిల్లలు ఎంతమంది, వారానికి పీరియడ్లు ఎన్ని
- క్లాస్ టీచర్ బాధ్యత, ల్యాబ్, లైబ్రరీ, క్లబ్బులు, పరీక్షల నిర్వహణ, ప్రశ్నపత్రాల తయారీ
- ఏడాది మొదట్లో పిల్లలు ఎక్కడున్నారు, చివరికి ఎక్కడికి చేరారు (మార్కుల రిజిస్టరు చూసి రాయాలి, అంచనాగా వద్దు)
- మీ పాఠం పరిశీలించినవాళ్లు ఎవరు, ఏమన్నారు
- హాజరైన శిక్షణలు, ఎన్ని గంటలు, సర్టిఫికెట్ ఉందా

మార్కుల వివరాలు స్కూలు మానేశాక దొరకడం కష్టం. ఉద్యోగంలో ఉండగానే, పిల్లల పేర్లు లేకుండా మొత్తం లెక్కలు మాత్రం రాసి పెట్టుకోవడం మంచిది. ఈ ఫైలు అయిదారు పేజీలయినా పర్వాలేదు. ప్రతి దరఖాస్తుకూ ఇందులోంచి ఏరుకుంటారు.

2. ప్రకటనను పెన్సిల్‌తో చదవండి

ప్రకటనలో మూడు రకాల మాటలుంటాయి. తప్పనిసరి అర్హతలు (డిగ్రీ, టీచర్ ట్రైనింగ్, లైసెన్సు లేదా అర్హత పరీక్ష), చేయాల్సిన పని (ఏ తరగతులు, ఏ సబ్జెక్టు, హాస్టల్ డ్యూటీ ఉందా), ఉంటే బాగుండునని అనుకునేవి (రెండో సబ్జెక్టు, సంగీతం, ఆటల కోచింగ్). మొదటి రకం కింద రెండు గీతలు, రెండో రకం కింద ఒక గీత, మూడో దాని పక్కన చుక్క పెట్టండి. రెండు గీతలవన్నీ మొదటి పేజీ పై సగంలోనే కనబడాలి. ఒక గీతవి అనుభవంలో రావాలి. చుక్కవి నిజంగా ఉంటేనే రాయండి.

ప్రకటనలో వాడిన మాటనే మీరూ వాడండి. వాళ్లు ‘ప్రత్యేక అవసరాలున్న పిల్లలు’ అని రాస్తే మీరూ అలాగే రాయండి. దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేర్‌తో వడపోసే చోట మాట కలవకపోతే రెజ్యూమె మనిషి దాకా వెళ్లకపోవచ్చు. కంప్యూటర్ సంగతి అలా ఉంచినా, చకచకా పేజీలు తిప్పే మనిషి కన్ను కూడా తను రాసుకున్న మాటనే వెతుకుతుంది.

3. పై పావు పేజీ

పేరు సర్టిఫికెట్లలో ఎలా ఉందో అలాగే ఉండాలి. పెళ్లి తర్వాతో మరే కారణంతోనో పేరు మారితే పాత పేరును కుండలీకరణంలో ఇవ్వండి, లేకపోతే సర్టిఫికెట్ల తనిఖీలో చిక్కు. ఫోన్ నంబరు (దేశం కోడ్‌తో), ఈమెయిల్, ఉంటున్న ఊరు చాలు, ఇంటి పూర్తి చిరునామా అక్కర్లేదు. ఈమెయిల్ మీ పేరుతో ఉండాలి. కాలేజీ రోజుల్లో సరదాగా పెట్టుకున్నది ఉంటే ఇప్పుడే కొత్తది తెరవండి.

దాని కింద ‘లక్ష్యం’ అంటూ రాసే వాక్యాన్ని తీసేయండి. ‘నా నైపుణ్యాలను మెరుగుపరచుకునే అవకాశం కోరుతున్నాను’ అనేది మీ అవసరం. వాళ్లకు కావాల్సింది మూడు వరుసల పరిచయం:

‘గణితం టీచర్. 6 నుంచి 10 తరగతులకు 7 ఏళ్ల బోధన, అందులో 3 ఏళ్లు 10వ తరగతికి. వెనుకబడిన పిల్లలకు చిన్న బృందాల్లో పునాది పాఠాలు చెప్పడంలో అనుభవం. ఎమ్మెస్సీ, బీఈడీ, జూన్ నుంచి చేరగలను.’

సబ్జెక్టు, స్థాయి, ఎన్నేళ్లు, ఏది బాగా చేస్తారు, అర్హత, ఎప్పుడు రాగలరు. పొగడ్త మాట ఒక్కటీ లేకుండానే అంతా తెలిసిపోయింది.

4. అర్హతలు

స్కూలు ఉద్యోగాల్లో అర్హతలు అనుభవం కన్నా పైన ఉండొచ్చు, ఎందుకంటే అవి లేకపోతే అనుభవం చూడరు. పెద్ద డిగ్రీ ముందు, చిన్నది తర్వాత. డిగ్రీ పేరు, ప్రధాన సబ్జెక్టు, విశ్వవిద్యాలయం, పూర్తయిన సంవత్సరం. లైసెన్సు లేదా అర్హత పరీక్ష ఉంటే అది ఏ తరగతులకు, ఏ సబ్జెక్టుకు వర్తిస్తుందో, ఎప్పటిదాకా చెల్లుతుందో రాయాలి. ఫలితం రాకపోతే ‘పరీక్ష రాశాను, ఫలితం రావాలి’ అని నెలతో సహా చెప్పండి. పూర్తి కాని కోర్సును పూర్తయినట్టు రాయడం ఉద్యోగం వచ్చాక కూడా ఉద్యోగం పోగొట్టే తప్పు.

5. అనుభవం: అసలు పని ఇక్కడే

తాజా ఉద్యోగం నుంచి వెనక్కి రాయండి. ప్రతి స్కూలుకూ ముందు ఒక వరుసలో హోదా, స్కూలు, ఊరు, నెల–సంవత్సరం నుంచి నెల–సంవత్సరం. రెండో వరుసలో పని పరిమాణం: ఏ తరగతులు, ఎన్ని సెక్షన్లు, వారానికి ఎన్ని పీరియడ్లు. ఆ తర్వాత మూడు నుంచి అయిదు పాయింట్లు. పదిహేనేళ్ల నాటి ఉద్యోగానికి ఒక్క వరుస సరిపోతుంది.

ఈ పాయింట్లలోనే చాలామంది ఉద్యోగ విధులు రాసేస్తారు: ‘పాఠాలు చెప్పాను, పరీక్షలు పెట్టాను, పేపర్లు దిద్దాను, తల్లిదండ్రులతో మాట్లాడాను.’ టీచర్ అన్నాక ఇవి చేయనివాళ్లుండరు. ప్రతి పాయింటులోనూ నాలుగు ముక్కలు పడాలి: ఎవరికి, ఏం చేశారు, ఎంతకాలం, ఏం మారింది. కింది నమూనాల్లోని అంకెలు పద్ధతి చూపడానికే. మీ అంకెలు మీ రిజిస్టరు నుంచి రావాలి.

గణితం. ముందు: ‘7వ తరగతికి గణితం బోధించి మంచి ఫలితాలు సాధించాను.’ తర్వాత: ‘7వ తరగతిలో భిన్నాల దగ్గర ఆగిపోయిన 22 మందికి 6 వారాలు, వారానికి 2 అదనపు పీరియడ్లు, కాగితపు పట్టీలు మడిచి చూపడంతో మొదలుపెట్టి లెక్కల దాకా. యూనిట్ పరీక్షలో సగం మార్కులు దాటినవారు 7 నుంచి 17కి పెరిగారు.’

భాష. ముందు: ‘పిల్లల్లో పఠనాసక్తి పెంచాను.’ తర్వాత: ‘4వ తరగతి 36 మందిని విడివిడిగా చదివించి, చదువు స్థాయి ప్రకారం 4 బృందాలు చేశాను. రోజూ 20 నిమిషాల చదువు. జూలైలో పేరా చదవలేనివారు 14 మంది, ఫిబ్రవరికి 5.’

సైన్స్. ముందు: ‘ల్యాబ్ నిర్వహణ బాధ్యత చూశాను.’ తర్వాత: ‘9వ తరగతికి ఏడాదిలో 18 ప్రయోగాలు, నలుగురికి ఒక సెట్టు చొప్పున పిల్లలే చేసేలా పరికరాలు విడదీశాను. రసాయనాల జాబితా, భద్రతా సూచనలు కొత్తగా రాశాను. మిగతా సెక్షన్లూ వాడుతున్నాయి.’

చివరి దానిలో మార్కుల అంకె లేదని గమనించండి. ప్రతిదానికీ శాతాలు అంటించాల్సిన పని లేదు. మీరు తయారు చేసినదాన్ని పక్క సెక్షన్ టీచర్లు తీసుకున్నారంటే అదీ సాక్ష్యమే. చిన్న పిల్లల తరగతులు, చిత్రలేఖనం, సంగీతం, ఆటలు చెప్పేవాళ్లకు ఇలాంటి సాక్ష్యాలే ఎక్కువ దొరుకుతాయి: ఎంతమంది పాల్గొన్నారు, ఏం తయారైంది, మీరు వెళ్లాక కూడా ఏది కొనసాగింది.

అంకెలు వాడేటప్పుడు జాగ్రత్తలున్నాయి. ఉత్తీర్ణత 60 శాతం నుంచి 75 శాతానికి పోతే అది 15 శాతం పాయింట్ల పెరుగుదల. ‘15 శాతం పెరిగింది’ అంటే తప్పు, ఎందుకంటే 60 మీద 15 అంటే 25 శాతం. గణితం టీచర్ రెజ్యూమెలో ఈ పొరపాటు ఉంటే ఇక చెప్పేదేముంది. గొడవ లేకుండా ‘60 శాతం నుంచి 75 శాతానికి’ అని రెండూ ఇచ్చేయండి. అయిదుగురిలో నలుగురు పాసైతే ‘80 శాతం’ అనకుండా ‘5 మందిలో 4’ అనండి, అదే నిజాయితీగా కనబడుతుంది. నూరు శాతం ఫలితం రాసేటప్పుడు పోయినేడాది ఎంతో కూడా చెప్పాలి. అప్పుడూ నూరే అయితే అందులో మీ వాటా ఏమిటని చదివేవాళ్లు అడుగుతారు. నలుగురు టీచర్లు కలిసి చేసిన పనికి ‘బృందంలో ఒకరిగా’ అని రాసి, మీ భాగం ఏదో విడిగా చెప్పండి. ఏ కారణంతోనూ పిల్లల పేర్లు, ఫొటోలు పెట్టకూడదు.

పాయింట్లలో మొదటిది ఎప్పుడూ ఈ ప్రకటనకు దగ్గరగా ఉన్నదే కావాలి. ప్రైమరీ పోస్టుకు పంపుతున్నప్పుడు మీ 10వ తరగతి ర్యాంకులు ఎంత గొప్పవైనా మూడో స్థానంలోకి వెళ్లాలి. దరఖాస్తు దరఖాస్తుకూ మారాల్సింది ఇదే, మిగతాది దాదాపు అలాగే ఉంచొచ్చు.

6. ఇంకా ఉద్యోగం చేయనివాళ్లు

‘ఫ్రెషర్’ అని పెద్ద అక్షరాల్లో రాసుకోకండి. టీచర్ ట్రైనింగ్‌లో చేసిన బోధన అభ్యాసం అనుభవమే. దాన్ని ఉద్యోగం లాగే రాయాలి: ఏ స్కూలు, ఎన్ని వారాలు, ఏ తరగతి, ఎన్ని పాఠాలు చెప్పారు, వాటిలో ఎన్నింటిని సూపర్‌వైజర్ కూర్చుని చూశారు. పరిశీలకులు మొదటి పాఠంలో ఏ లోపం చెప్పారో, చివరి పాఠానికి దాన్ని ఎలా సరిచేసుకున్నారో ఒక వరుస రాయగలిగితే కొత్త టీచర్ నుంచి అంతకంటే మంచి వాక్యం రాదు. ఉదాహరణకు: ‘నల్లబల్ల వైపే తిరిగి మాట్లాడుతున్నానని మొదటి పరిశీలనలో తేలింది, తర్వాతి పాఠాల్లో చార్టులు ముందే సిద్ధం చేసుకుని, ప్రశ్నలను వెనక బెంచీల నుంచి మొదలుపెట్టాను.’

ట్యూషన్లు, స్వచ్ఛంద తరగతులు, వేసవి శిబిరాలు కూడా లెక్కలోకి వస్తాయి. పిల్లల సంఖ్య, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని నెలలు అనేవి ఉంటేనే. కోర్సులో క్రియా పరిశోధన (తన క్లాసులోని సమస్యను టీచరే పరిశోధించి సరిదిద్దే పని) ప్రాజెక్టు చేసి ఉంటే దాని ప్రశ్న, కనుక్కున్న విషయం రెండు వరుసల్లో ఇవ్వండి. వేరే రంగంలో పనిచేసి బోధనలోకి వస్తున్నవాళ్లు పాత ఉద్యోగంలో ఇతరులకు నేర్పిన పనిని పైకి తేవాలి, మిగతా విధులను ఒక వరుసకు కుదించాలి.

7. నైపుణ్యాలు, శిక్షణలు

‘కమ్యూనికేషన్ స్కిల్స్, లీడర్‌షిప్, టీమ్‌వర్క్’ అనే వరస ఏ ఉద్యోగానికైనా అతుకుతుంది, కాబట్టి దేనికీ అతకదు. సాధనం పేరు రాసి, దానితో ఏం చేశారో చెప్పండి: ‘జియోజెబ్రా (గణితం సాఫ్ట్‌వేర్) – త్రిభుజ ధర్మాలను పిల్లలే లాగి చూసేలా 12 అభ్యాసాలు’, ‘గూగుల్ క్లాస్‌రూమ్ – 2 సెక్షన్ల హోంవర్క్, వ్యాఖ్యలతో తిరుగు సమాధానం’.

బోధనా శాస్త్రం పదాలు వాడేముందు ఒక పరీక్ష పెట్టుకోండి: ఆ పదానికి మీ క్లాసు నుంచి ఒక ఉదాహరణను నిమిషంలో చెప్పగలరా? ‘బ్లూమ్ వర్గీకరణ (నేర్చుకోవడాన్ని మెట్లుగా విడదీసే పద్ధతి) ప్రకారం లక్ష్యాలు రాశాను’ అని పెడితే, అందులో అన్నిటికన్నా పై మెట్టు ఏదని అడగొచ్చు. 1956 నాటి మూలంలో మూల్యాంకనం చివరి మెట్టు, 2001 సవరణలో సృష్టించడం చివరికి వచ్చింది. ఏది వాడుతున్నారో మీకే తెలియకపోతే ఆ పదం లేకపోవడమే మేలు. నిర్మాణాత్మక మూల్యాంకనం, సమ్మిళిత విద్య లాంటివాటికీ ఇదే పరీక్ష.

శిక్షణలకు గంటలు, సంవత్సరం రాయండి. ఒకపూట వెబినార్లు పాతిక పేర్చేకంటే, నేర్చుకున్నది క్లాసులో వాడిన రెండు శిక్షణలు చాలు. ప్రథమ చికిత్స, పిల్లల భద్రత సర్టిఫికెట్లు మాత్రం తప్పక పెట్టండి, గడువు తేదీతో సహా. భాషల దగ్గర ‘మాట్లాడగలను’, ‘చదివి రాయగలను’, ‘ఈ మాధ్యమంలో బోధించగలను’ అనే మూడూ వేర్వేరు, వేరువేరుగానే రాయాలి.

8. ఖాళీ కాలం, తరచు మారిన స్కూళ్లు

సంవత్సరాలు మాత్రమే రాసి నెలలు దాస్తే మధ్యలో ఖాళీ కనబడదని కొందరి ఆలోచన. పిల్లలతో పనిచేసే ఉద్యోగాల్లో పాత స్కూళ్లకు ఫోన్ చేసి తేదీలు సరిచూసుకోవడం భద్రతా తనిఖీలో భాగంగా ఉంటుంది. దాచినట్టు తేలితే అసలు ఖాళీకన్నా అదే పెద్ద విషయమవుతుంది. ‘2021 జూన్ – 2022 మే: కుటుంబ సంరక్షణ’ అని ఒక వరుస రాస్తే ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. ఆరోగ్య కారణమైతే జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. ఏడాదికో స్కూలు మారి ఉంటే, ఆ పోస్టు తాత్కాలికమైనదో, సెలవు మీద వెళ్లినవారి స్థానంలోదో హోదా పక్కన రాయండి. మానేసిన కారణాలు, పాత యాజమాన్యం మీద మాటలు రెజ్యూమెలో ఉండకూడదు.

9. తీసేయాల్సినవి

తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, గుర్తింపు కార్డుల నంబర్లు, ఆశిస్తున్న జీతం, ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనే చివరి వాక్యం. వీటిలో దేనినైనా ప్రకటన అడిగితే పెట్టండి, అడగకపోతే ఒక్కటీ వద్దు. ఫొటో కూడా అంతే. హాబీల్లో క్లాసుకో క్లబ్బుకో పనికొచ్చేది ఉంటే ఉంచండి (చదరంగం నేర్పగలరు, నాటకాలు వేయించగలరు). ‘టీవీ చూడటం’ ఎవరికీ అక్కర్లేదు.

రెఫరెన్సులు అడిగితే ఇద్దరు. మీ పాఠాన్ని కళ్లారా చూసినవాళ్లయి ఉండాలి: ప్రిన్సిపాల్, సబ్జెక్టు హెడ్, ట్రైనింగ్ సూపర్‌వైజర్. ముందు వాళ్ల అనుమతి తీసుకుని, దరఖాస్తు చేస్తున్న పోస్టు గురించి చెప్పి ఉంచండి. ఫోన్ వచ్చినప్పుడు ‘ఎవరు?’ అనడం కన్నా నష్టం ఇంకోటి లేదు.

10. పేజీ, ఫైలు

అయిదేళ్లలోపు అనుభవానికి ఒక పేజీ, ఆపైన రెండు. అంచులు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు, అక్షరం 10.5 నుంచి 12 పాయింట్లు, శీర్షికలు 13 లేదా 14. ఒకే ఫాంట్. రెజ్యూమె ఏ భాషలో ఉండాలో ప్రకటన చెప్పకపోతే, ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే రాయండి. తెలుగులో రాయాల్సి వస్తే యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతి) ఫాంటే వాడాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన వర్డ్ ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. తెలుగుకు వరుసల మధ్య ఎడం కూడా 1.3 దాకా పెంచాలి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

రెండు నిలువు వరుసల డిజైన్లు, బొమ్మ గుర్తులు, నైపుణ్యాలకు చుక్కలతో రేటింగు పెట్టే టెంప్లేట్లు చూడటానికి బాగుంటాయి, వడపోత సాఫ్ట్‌వేర్‌కు మాత్రం తికమక. పేరు, ఫోన్ పేజీ హెడర్ పెట్టెలో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు అసలు చదవవు. పరీక్షించడం తేలిక: పీడీఎఫ్ తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. పేరు మొదట వచ్చి, వరుసలు కలగాపులగం కాకుండా ఉంటే పాస్. తెలుగు పీడీఎఫ్‌లను ఇలా కాపీ చేస్తే అక్షరాలు చెదరడం మామూలే, కాబట్టి తెలుగులో రాసిన రెజ్యూమెకు వర్డ్ ఫైలును కూడా సిద్ధంగా ఉంచుకోండి.

ఫైలు పేరులో మీ పేరు, సబ్జెక్టు ఉండాలి. ‘కొత్త రెజ్యూమె ఫైనల్ 3’ అని వచ్చిన ఫైలు డౌన్‌లోడ్ల గుంపులో తప్పిపోతుంది. పాఠ్య ప్రణాళికలు, డెమో వీడియో లింకు ఇస్తే, లాగిన్ కాని బ్రౌజర్ విండోలో అది తెరుచుకుంటుందో లేదో చూడండి. ‘అనుమతి కోరండి’ అనే తెర వస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ వీడియోలో పిల్లల ముఖాలు ఉంటే తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెట్టొద్దు.

కాలేజీ, విశ్వవిద్యాలయ పోస్టుల లెక్క వేరు. అక్కడ రెజ్యూమెకు బదులు పూర్తి సీవీ (చదువు, పరిశోధన, ప్రచురణలన్నీ ఉండే వివర పత్రం) అడుగుతారు, పేజీల పరిమితి సాధారణంగా ఉండదు. ప్రచురణలను ఒకే పద్ధతిలో, డీఓఐ నంబరుతో (ప్రతి వ్యాసానికీ ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇవ్వండి. పరిశోధకులకు ఇచ్చే పదహారు అంకెల ఆర్కిడ్ (ORCID) గుర్తింపు ఉంటే పేరు కింద పెట్టండి. అచ్చయినవి, ఆమోదం పొందినవి, పరిశీలనలో ఉన్నవి విడివిడిగా ఉండాలి. మూడూ కలిపేస్తే సంఖ్య పెంచుకోవడానికి చేసినట్టే ఉంటుంది.

11. దిద్దుబాటు, పంపడం

టీచర్ రెజ్యూమెలో అక్షర దోషం మిగతా ఉద్యోగాల్లో కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. రేపు మీరే పిల్లల నోటు పుస్తకాలు దిద్దాలి. రాసిన రోజే దిద్దకండి. మర్నాడు ప్రింటు తీసి గట్టిగా చదవండి, తర్వాత కింది వరుస నుంచి పైకి ఒక్కో వరుస చూడండి. అలా చూస్తే అర్థం వెంట పరుగెత్తకుండా కన్ను అక్షరం మీద నిలుస్తుంది. తేదీలు, డిగ్రీ పేర్లు, ఫోన్ నంబరు సర్టిఫికెట్లు పక్కన పెట్టుకుని సరిచూడండి. రెజ్యూమెతో పాటు పంపే పరిచయ లేఖల్లో వేరే స్కూలు పేరు మిగిలిపోయినవి ప్రతి నియామకంలోనూ ఒకటో రెండో వస్తాయి, మీది అందులో ఉండకూడదు.

పరిచయ లేఖ ఒక పేజీ దాటకూడదు. రెజ్యూమెనే మళ్లీ వాక్యాలుగా రాయకుండా, ఈ స్కూలే ఎందుకు, ప్రకటనలోని ఏ అవసరానికి మీరు సరిపోతారు అన్న రెండే రాయండి.

పంపిన ప్రతి రెజ్యూమెనూ, దాని ప్రకటనతో సహా ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. ప్రకటనలు కొన్నాళ్లకు మాయమవుతాయి, ఇంటర్వ్యూ పిలుపు ఆ తర్వాత వస్తుంది. బల్ల మీద వాళ్ల ముందుండేది మీరు ఆ రోజు పంపిన ప్రతి. అందులోని ప్రతి అంకెకూ ఆధారం, ముఖ్యమైన మూడు పాయింట్లకు ఒక్కో పాఠ్య ప్రణాళిక, పేర్లు కప్పేసిన పిల్లల వర్క్‌షీట్లు రెండు మూడు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.